లూషస్ నమ్మని బేరం

మా లూషస్ టాలివర్ మనం ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. లెక్కపెట్టి ఊరుకోడు, ఒకటి తక్కువొచ్చిందేమో మళ్ళీ ఆవలించమంటాడు. ఇండియానాపొలిస్‌లో ముప్పై ఎనిమిదో వీధి మీద నేను కటింగ్ షాపు తెరిచినప్పటి నుంచీ శనివారం పొద్దున్నే మొదటి కుర్చీ అతనిదే. ఇప్పుడు తలమీద కత్తిరించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా పని అయ్యాక చేతి అద్దం అడిగి, వెనక రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూసుకుంటాడు. నా మీద నమ్మకం లేక కాదట, గోడ అద్దం మీద లేదట.

పోస్ట్‌మ్యాన్‌గా మోకాళ్ళు అరిగేదాకా ఈ వీధులే నడిచి ఈ మధ్యే రిటైరయ్యాడు. ఎవరింట్లో ఏం జరుగుతోందో కవరు పైనుంచే పసిగట్టేవాడు. కరెంటు కోసేస్తామనే కవరు ఏ రంగులో వస్తుందో, 'మీరు గెలిచారు' అని బంగారు అక్షరాలతో వచ్చే కవర్లో ఏముంటుందో అతనికి తెలుసు. అలాంటి బంగారు అక్షరాల కవరు ఒకటి వాళ్ళమ్మ పేరున వచ్చింది. ఆవిడ ఇల్లు అతను నడిచే వీధిలోనే ఉంది కాబట్టి, తన చేత్తోనే తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆవిడ నమ్మింది. బహుమతి బండి వస్తుందని, చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని వారాల తరబడి వరండాలో కూర్చుంది. బండి రాలేదు. లూషస్ ఆ సంగతి నవ్వుతూనే చెబుతాడు గానీ, వినేవాళ్ళం ఎవరమూ నవ్వం.

ఆ తర్వాత భార్య. ఒక ఆదివారం మధ్యాహ్నం కోడి వేయించి, చక్కెర క్రీము 'పై' అనే తీపి వంటకం చేసి, తిన్నంత పెట్టి, సోమవారం పొద్దున పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ముందు రోజు ఒక్క మాటైనా తేడాగా అనలేదట. అప్పట్నుంచి ఎవరైనా కమ్మగా వండిపెడితే లూషస్ ముందు కంచం చూడడు, వాళ్ళ మొహం చూస్తాడు.

ఇక మా లీగ్ సంగతి. పన్నెండు మందిమి, మనిషికో కాగితం జట్టు. టీవీలో బాస్కెట్‌బాల్ ఆడే నిజం ఆటగాళ్ళే మా జట్లలో ఉంటారు. వాళ్ళు అక్కడ సంపాదించిన పాయింట్లే ఇక్కడ మావి. ఒకసారి మన జట్టులోకి వచ్చిన ఆటగాడు ఎన్నేళ్ళయినా మనవాడే, ఎవరితోనైనా బేరం కుదిరి మార్చుకుంటే తప్ప. ఏటా వేసవిలో కొత్త కుర్రాళ్ళు వస్తారు. వాళ్ళని వంతుల వారీగా ఎంచుకుంటాం. కిందటేడు ఆఖర్న నిలిచిన జట్టుకి మొదటి వంతు. ఆ వంతుని కూడా బేరంలో పెట్టొచ్చు, వచ్చే ఏడాదిదీ, ఆ పై ఏడాదిదీ. మా షాపులో గొడవంతా అక్కడే. చేతిలో ఉన్న ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఎక్కువా, ఇంకా రాని వంతు ఎక్కువా? మా చర్చి పెద్ద డీకన్ విట్‌లాక్ కుర్రాడే అంటాడు. బస్సు నడిపే టైరెల్ వంతే అంటాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా హైస్కూల్లో ఉన్న పిల్లాడి పేరు పట్టుకుని ఇద్దరూ కొట్టుకున్నంత పని చేస్తారు.

లూషస్ దగ్గర ఎప్పుడు చూసినా వంతులే. కుర్రాడికి ఒక మొహం ఉంటుంది, బెణికే మడమ ఉంటుంది, ఆట అయ్యాక ఎవరితో తిరుగుతాడో మనకి తెలీదు. వంతుకి ఇవేవీ లేవు. ఇంకా పుట్టలేదు కాబట్టి వంక పెట్టడానికి లేదు. వేసవి రాగానే ఆ వంతు కాస్తా కుర్రాడయ్యేది. అయిన మర్నాటి నుంచి లూషస్‌కి అనుమానం పట్టుకునేది. చలికాలం దాటకుండానే వాణ్ణి ఎవరికో ఇచ్చేసి, ఇంకో రాబోయే వంతు తెచ్చుకునేవాడు. కైరన్ ఆష్బీని కూడా అలాగే వదులుకున్నాడు. ఆష్బీని ఎంచుకున్న రోజు షాపులో అందరికీ చేపల వేపుడు తెప్పించాడు. క్రిస్మస్ నాటికి 'వీడు మరీ నవ్వుతున్నాడు, ఏదో దాస్తున్నాడు' అని ఆర్నెటాకి ఇచ్చేశాడు. ఆష్బీ ఇప్పుడు మా లీగ్‌లోకెల్లా మంచి కుర్రాడు. లూషస్ వాడి ఆట ఒక్కటీ వదలడు, చూస్తూ పళ్ళు నూరుకుంటాడు.

ఆర్నెటా క్రెన్‌షా మా క్లిఫ్టన్ భార్య. లీగ్ మొదలుపెట్టిన వాళ్ళలో క్లిఫ్టన్ ఒకడు. అతను పోయాక జట్టుని ఆవిడ తీసుకుంది. ఆడమనిషి ముంచేస్తుందని మావాళ్ళు గుసగుసలాడుకున్నారు. రెండో ఏడే అందర్నీ చితక్కొట్టి గెలిచింది. ఆస్పత్రి లాండ్రీలో ఆడాళ్ళందరి మీదా సూపర్‌వైజర్‌గా చేసిన మనిషి, మాట తిప్పడం చేతకాదు. ఆరేళ్ళుగా ఆదివారం చర్చి అవగానే లూషస్ ఆవిడని కారెక్కించుకుని చేపలు తినడానికి తీసుకెళ్తాడు. మంచు పడితే తన గుమ్మం కన్నా ముందు ఆవిడ గుమ్మం ఊడుస్తాడు. ఆవిడ వరండాలో పక్కపక్కన కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఆరేళ్ళూ మర్యాదగా 'మిస్ ఆర్నెటా' అనే పిలిచాడు, అడగాల్సిన మాట అడగలేదు. అడిగితే ఆవిడ సరేనంటుందని వీధిలో కుక్కకి కూడా తెలుసు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆర్నెటా ఒక్కతే షాపుకొచ్చింది. లీగ్‌కి కమిషనర్ని నేనే, అంటే రూల్స్ చెప్పేదీ తగువులు తీర్చేదీ నేను. ఒక రూలు అడగాలంది. మాలో ఒక ఇంటికి ఒకే జట్టు. వెనకటికి ఒక ఇంట్లో ఉండే అన్నదమ్ములిద్దరు మంచి ఆటగాళ్ళందర్నీ ఒకే జట్టులోకి తోసేసి మమ్మల్ని ముంచారు, అందుకని పెట్టుకున్న రూలు. ఆర్నెటా కోటు విప్పకుండానే నిలబడి అడిగింది.

"రూఫస్, జట్లున్న ఇద్దరు ఒకే ఇంట్లోకి వచ్చారనుకో. అప్పుడు?"

"ఒక జట్టు రద్దు. దాన్లోవాళ్ళని అందరికీ పంచేస్తాం."

"రద్దయ్యే లోపల తన కుర్రాళ్ళని నచ్చిన చోటికి పంపుకోవచ్చా?"

బేరాలకి గడువు ఫిబ్రవరి మొదటి శనివారం మధ్యాహ్నం. ఆ లోపల ఎవరికైనా పంపుకోవచ్చని చెప్పాను. ఆవిడ తలూపింది. చేతి తొడుగులు వేసుకుంటూ, మామూలు మాట చెబితే లూషస్‌కి వినపడదనీ, మాట వెనక ఇంకో మాట ఉందని వెతుక్కుంటూ కూర్చుంటాడనీ అంది. బేరమైతే చదువుతాడు కదా, చదివితే అర్థమవుతుంది కదా అంది. నా చేతిలో దువ్వెన జారి కిందపడింది.

గడువుకి ముందు శనివారం, లూషస్ నా కుర్చీలో ఉండగా అతని ఫోన్ మోగింది. ఆర్నెటా బేరం పంపింది. కైరన్ ఆష్బీ, దాంతోపాటు ఆవిడ జట్టులో పనికొచ్చే ముగ్గురు కుర్రాళ్ళు. బదులుగా లూషస్ ఇవ్వాల్సింది వచ్చే ఏడాది అందరూ ఒకసారి ఎంచుకున్నాక వచ్చే రెండో వరస వంతు ఒకటి, అంతే. ఆ వంతుకి ఎవరొస్తారంటే, ఏ జట్టుకీ అక్కర్లేక మిగిలినవాడొస్తాడు. ఇల్లంతా ఊడ్చి ఇచ్చేసి, దానికి బదులు ఒక అగ్గిపెట్టె అడిగినట్టుంది.

లూషస్ మొహంలో సంతోషం అర క్షణం కనపడింది. తర్వాత కళ్ళు చిన్నవి చేశాడు.

"ఆష్బీకి ఏమైంది?" అన్నాడు.

మాకు ఇంకో రూలుంది. బేరం నడుస్తుండగా మూడోవాడు సలహా చెప్పకూడదు, చెప్పినవాడి మొదటి వంతు పోతుంది. దాన్ని మేం నోటి తాళం అంటాం. టైరెల్ నా వైపు చూశాడు, డీకన్ పైకప్పు వైపు చూశాడు. ఆ ఫోన్ తెర మీదున్నది ఏమిటో షాపులో ఉన్న ప్రతి మనిషికీ అర్థమైంది. పెళ్ళి కబురది. కబురు అందుకున్నవాడికి తప్ప అందరికీ తెలిసింది. మామూలుగా అయితే ఇలాంటి దోపిడీ బేరానికి టైరెల్ ఒప్పుకోడు, గొంతు చించుకుంటాడు. వాడు కూడా దగ్గొచ్చినట్టు నోరు మూసుకున్నాడు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా. ఆ వారమంతా లూషస్ ఆష్బీ ఆటల్ని టీవీ గొంతు నొక్కేసి చూశాడు. వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు మనల్ని మభ్యపెడతారట. మూగ తెర మీద కుర్రాడు కుంటుతున్నాడేమోనని చూశాడు. కుంటట్లేదు. అది ఇంకా అనుమానంగా అనిపించింది. మందు వేసి ఆడిస్తున్నారేమో అన్నాడు. ఎవరో అమ్మాయితో గొడవుందేమో అన్నాడు. వాడి అమ్మమ్మ ఊళ్ళో మనకి తెలిసినవాళ్ళున్నారా అని డీకన్‌ని అడిగాడు.

కుర్రాడిలో ఏమీ దొరక్కపోయేసరికి ఆర్నెటా మీద పడ్డాడు. బుధవారం షాపుకొచ్చి, కుర్చీ నాకు దగ్గరగా లాక్కుని, గొంతు తగ్గించి చెప్పాడు. మిస్ ఆర్నెటా ఇంటి ముందు 'అమ్మబడును' బోర్డు పెట్టారట. క్లిఫ్టన్ పడక కుర్చీని చర్చికి ఇచ్చేసిందట. మెంఫిస్‌లో ఆవిడ చెల్లెలుంది కదా, అక్కడికి పోతోందేమో, పోయేముందు జట్టుని ఎవడో ఒక వెర్రివాడికి అంటగడుతోందేమో అన్నాడు. ఆ వెర్రివాడు తనేనని అతనికి బాధ.

"ఇంకోటి చెప్పనా," అన్నాడు. "మొన్న మా ఇంటికొచ్చి వంటింటి కిటికీ ఎంత వెడల్పని అడిగింది. టేపు పెట్టి కొలుచుకుంది కూడా. నా కిటికీతో ఆవిడకేం పని?"

టైరెల్ లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి వాడి దగ్గు చాలాసేపు వినపడింది. నేను సబ్బు నురగ గిన్నెలో మొహం పెట్టి కలుపుతూ కూర్చున్నాను.

లూషస్ ఆపలేదు. ఇంట్లో హీటరు బాగా పనిచేస్తుందా అని కూడా అడిగిందట. ఇళ్ళ బ్రోకరు ఎవడో ఆవిడ చేత తన ఇంటి లోగుట్టు లాగిస్తున్నాడని తేల్చాడు. పైగా నిన్న సాయంత్రం చక్కెర క్రీము పై చేసి తెచ్చిందట. ఆ మాట అనేటప్పుడు అతని గొంతు మారింది. తినలేదన్నాడు. ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యమధ్య తలుపు తీసి చూస్తున్నాడట.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇంత పెద్ద మనిషి, ఊరి గుట్టంతా కవరు తెరవకుండా చదివినవాడు, తన పేరు రాసి తన చేతికిచ్చిన కవరుని చదవలేకపోతున్నాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ కమిషనర్ని నేనే తాళం విప్పితే రేపు ఎవడు ఆగుతాడు? నా మొదటి వంతు పోతుందన్న బెంగ కూడా లేకపోలేదు.

"మీ అందరికీ ఏదో తెలుసు," అన్నాడు మా మొహాలు చూస్తూ.

డీకన్ చర్చి మనిషి, అబద్ధం చెప్పలేడు. "తెలుసు బ్రదర్," అన్నాడు. "చెప్పకూడదు."

ఆ ఒక్క మాటతో లూషస్‌కి అంతా రూఢి అయిపోయింది. ఊరు ఊరంతా కలిసి తనకి టోపీ పెడుతోందని కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం ఆర్నెటా షాపుకొచ్చింది. మూసే వేళ, డీకన్ ఒక్కడు గడ్డం గీయించుకుంటున్నాడు. కాసేపటికి లూషస్ కూడా వచ్చాడు. ఆవిడ కారు చూసి వచ్చాడనుకుంటాను. వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. జవాబు పంపానన్నాడు. ఆవిడ ఫోన్ తీసి, కళ్ళద్దాలు మర్చిపోయానని నా చేతికిచ్చింది. కళ్ళద్దాలు ఆవిడ తలమీదే ఉన్నాయి. మా ముందు పైకి చదివించాలనుకుందని నాకు తర్వాత తట్టింది.

చదివాను. బేరానికి లూషస్ ఒప్పుకున్నాడు, కానీ షరతులతో. ఇచ్చే వంతు ఒకవేళ మంచి చోట పడితే ఆ వంతు తనకే ఉండిపోవాలి. ఆష్బీ ఈ సీజన్ అయ్యేలోగా దెబ్బ తగిలించుకున్నా, ఆట పాడైనా, వాణ్ణి తిప్పి పంపేస్తాడు. మిగతా ముగ్గుర్నీ నెల రోజులు పరీక్షించి చూసి ఉంచుకునేదీ లేనిదీ చెబుతాడు. మా లీగ్‌లో వంతుకి షరతు పెట్టడం మామూలే, తెలివైనవాడు పెట్టుకుంటాడు. మనిషికి తిప్పి పంపే షరతు పెట్టినవాడు ఇతనొక్కడే.

ఆర్నెటా ఫోన్ తీసుకుని చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"లూషస్, నా దగ్గరున్నదంతా నీకిస్తానన్నాను. నువ్వేమో ఇంకా రాని వంతుని కూడా వదల్లేకపోయావు. నచ్చకపోతే తిప్పి పంపే దారి ముందే చూసుకున్నావు."

"షరతులు మామూలే కదా, మిస్ ఆర్నెటా," అన్నాడు లూషస్. "మీలో ఏం దాపరికం లేకపోతే షరతుకి భయమెందుకు?"

"నాకు అరవై మూడేళ్ళు. వచ్చే వేసవిలో ఏదో వస్తుందని కూర్చునే ఓపిక నాకు లేదు."

బొటనవేలితో ఫోన్ మీద ఒకసారి నొక్కింది. నా ఫోన్ మోగింది, డీకన్ ఫోనూ మోగింది. బేరం వెనక్కి తీసుకుంది. లూషస్ పక్కనుంచే దాటి బయటికి వెళ్ళింది. తలుపు తోసినప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. నేను ఆవిడని క్లిఫ్టన్ సమాధి దగ్గర తప్ప ఇంకెక్కడా అలా చూడలేదు.

లూషస్ మా వైపు తిరిగాడు. "చూశారా? షరతు పెట్టగానే పారిపోయింది. నేనన్నదే నిజం."

చేతిలో ఉన్న తువ్వాలు విసిరి కొట్టాను. డీకన్ సగం గడ్డం మీద నురగతో బిగుసుకుపోయాడు.

"కూర్చో," అన్నాను. "బేరం పోయింది. ఇప్పుడు నా నోటికి తాళం లేదు. ఇంటికెన్ని జట్లు, చెప్పు."

"ఒకటి."

"రెండు జట్ల వాళ్ళు ఒక ఇంట్లోకొస్తే?"

"ఒకటి రద్దు. ఆ మాత్రం నాకు తెలీదా?"

"రద్దయ్యే జట్టులో మంచివాళ్ళుంటే, ఆ మనిషి వాళ్ళని ముందే ఎక్కడికి పంపుకుంటుంది లూషస్?"

ఉత్తరాలు వేరుచేసేవాడు చేతిలో ఉత్తరం పట్టుకుని ఆగిపోయినట్టు అలా ఆగిపోయాడు. ఇంటి ముందు బోర్డు, క్లిఫ్టన్ కుర్చీ, హీటరు, అన్నీ అతని మొహం మీద ఒకటొకటిగా కదలడం చూశాను.

"మరి కిటికీ?" అన్నాడు చివరికి.

"కర్టెన్లకయ్యా," అన్నాడు డీకన్.

లూషస్ కుర్చీలో కూలబడ్డాడు. ఆరేళ్ళు ఆవిడని ఆ వరండాలో కూర్చోబెట్టానన్నాడు. మా అమ్మకి రాని బండిని నేనే అయ్యాను కదా రూఫస్ అన్నాడు. నాకు అప్పటిదాకా ఉన్న కోపమంతా దిగిపోయింది. వెళ్ళి కాళ్ళమీద పడమని చెప్పాను. ఆవిడ తలుపు తియ్యదన్నాడు. నిజమే, ఆ రాత్రి తియ్యలేదు.

మర్నాడు గడువు శనివారం. ఆ రోజు పన్నెండు మందీ షాపులో ఉండాలి, అది మా ఆనవాయితీ. చేపల వేపుడు, తెల్ల రొట్టె, మిరపకాయ సాసు బల్లమీద ఉంటాయి, మధ్యాహ్నం దాకా బేరాలు నడుస్తాయి. ఆర్నెటా వస్తుందనుకోలేదు. వచ్చింది. మొహం చాటేసే మనిషి కాదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని వీధి చూస్తోంది. ఒక్కరూ ఆవిడ దగ్గరికి వెళ్ళే ధైర్యం చెయ్యలేదు.

పదకొండు దాటాక లూషస్ వచ్చాడు. ఈస్టర్‌కి తప్ప తియ్యని సూటు వేసుకున్నాడు. ఫోన్ తియ్యలేదు. ఆవిడ కుర్చీకి ఎదురుగా నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"నా జట్టు మొత్తం. నా వంతులన్నీ, వచ్చే ఏడాదివీ, ఆ పై ఏళ్ళవీ. షరతు ఒక్కటీ లేదు."

బేరమంటే రెండు వైపులనుంచీ ఏదో ఒకటి ఉండాలని నేను గుర్తుచేశాను. ఆవిడకి ఇవ్వాలనిపిస్తే ఆఖరి వరస వంతు ఒకటి ఇచ్చినా చాలన్నాడు. ఇవ్వాలనిపిస్తేనే అని మళ్ళీ అన్నాడు.

ఆర్నెటా కంచం పక్కన పెట్టింది. అతన్ని తలనుంచి బూట్లదాకా చూసింది.

"డాక్టరేమైనా చెప్పాడా నీకు?"

"లేదు."

"ఇల్లు చేజారిపోతోందా?"

"లేదండీ."

"మరి పనికిరాని వంతు ఇవ్వడానికే వారం రోజులు ఏడ్చిన మనిషివి, ఒక్క పూటలో అన్నీ ఇస్తానంటే నేనెందుకు నమ్మాలి?"

లూషస్ ఆలోచించాడు. అబద్ధం ఆడలేదు. "మీ చోట నేనుంటే నమ్మను," అన్నాడు.

వెనకనుంచి ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆర్నెటా నవ్వలేదు. అనుమానం ఇప్పుడు ఆవిడ కళ్ళలోకి వచ్చి కూర్చుంది. దాన్ని అక్కడ పెట్టింది అతనే మరి. కుర్చీని మా వైపు తిప్పుకుంది. ఈ మనిషిలో తనకి తెలియని లోపం ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పమంది.

అందరూ నా వైపు చూశారు. బేరం నడుస్తోంది, నోటి తాళం పడే ఉంది. గోడ గడియారం చూశాను, ఇంకో అరగంటుంది. ఈ ఒక్క బేరానికి కమిషనర్ హోదాలో తాళం తీసేస్తున్నానని చెప్పాను. ఎవరి వంతూ పోదని కూడా చెప్పాను.

ఇక చూడాలి. వారం రోజులుగా మూసుకున్న నోళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి. పిసినారి అన్నాడు టైరెల్. పక్కవాడి కంచంలో చేపముక్క పెద్దదేమోనని చూస్తాడన్నాడు. కారు తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తలుపు లాగి చూస్తాడని ఇంకొకడు. పాస్టరు ప్రార్థన చేస్తున్నప్పుడు కళ్ళు తెరిచి కానుకల పళ్ళెం వైపు చూస్తుంటాడని డీకన్ బాధగా చెప్పాడు. నిద్రలో గురక పెడతాడని ఒకడంటే, నీకెలా తెలుసని మిగతావాళ్ళు వాడి మీద పడ్డారు. అద్దం సంగతి నేనే చెప్పాను. లూషస్ తల వంచుకుని నిలబడి అన్నీ విన్నాడు, ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. ప్రతిదానికీ ఆర్నెటా తలూపుతూ, తెలుసు, తెలుసు, అది కూడా తెలుసు అంటోంది.

కొంతసేపటికి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు.

"ఇంతేనా?" అంది.

"ఇంతేనండీ," అన్నాడు టైరెల్, ఇంకేమైనా దొరుకుతుందేమోనని లూషస్‌ని మళ్ళీ ఒకసారి చూసి.

ఆర్నెటా తలమీది కళ్ళద్దాలు కిందికి దించుకుని ఫోన్ తీసింది. తన చేత్తోనే బేరం రాసింది. అతని జట్టుకీ వంతులకీ బదులు తన ఆఖరి వరస వంతు. షరతులేవీ లేవు. లూషస్‌కి పంపింది. లూషస్ రెండుసార్లు తప్పు చోట నొక్కి, మూడోసారి ఒప్పుకున్నాడు. నా ఫోన్‌కి వచ్చింది. నేను ముద్ర వేశాను. షాపంతా ఈలలు, బల్లలు బాదడం, చేపల పళ్ళెం ఒకటి కిందపడింది. ఆ గోల తగ్గేదాకా లూషస్ కదల్లేదు. అతని నుదుటి మీద అనుమానం గీత మళ్ళీ పడింది. నాకు ఆ గీత తెలుసు. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

"మిస్ ఆర్నెటా," అన్నాడు. "ఇన్ని తెలిసి కూడా ఒప్పుకున్నారంటే... మరి మీలో లోపమేంటి?"

ఆర్నెటా లేచి నిలబడి కోటు కోసం చూసుకుంది.

"ఇవన్నీ నాకు ఎప్పట్నుంచో తెలుసు లూషస్. తెలిసీ ముందు అడిగింది నేనే. అంతకన్నా పెద్ద లోపం నీకు ఇంకేం కావాలి?"

లూషస్ ఆ మాటని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వంక పెట్టడానికేమీ దొరకలేదు కాబోలు, కొక్కేనికున్న ఆవిడ కోటు తీసి, చేతులు దూర్చుకోవడానికి వీలుగా విప్పి పట్టుకున్నాడు.